మహాగిన్నె

విప్లవాన్ని గెలిపించిన గిన్నెలన్నింటికీ జాతీయ వీరుల హోదా ఇస్తున్నట్లు కొత్త ప్రభుత్వం మైకుబండి మీద ప్రకటించింది. ఆ మాట వినగానే ఒటీలియా గుండె గుభేలుమంది. ఆమె ఇంట్లో ఉన్న వీరుడు ఒక్కడే. ఆ సమయానికి పొయ్యి మీద నల్ల చిక్కుళ్లు ఉడికిస్తున్నాడు.

అది సామాన్యమైన గిన్నె కాదు. తిండిగింజలు కరువై రాజధాని అంతా కిటికీల్లో నిలబడి ఖాళీ గిన్నెలు బాదినప్పుడు ఒటీలియా కూడా గరిటె అందుకుంది. భయపడుతూనే బాదింది: పోలీసులొస్తారని, కొడుకు ఫెర్మిన్ కిటికీలోంచి జారిపడతాడని, గిన్నె సొట్టపోతుందని. కానీ వీధి వీధంతా ఒకే దరువు! ఏళ్లుగా మాటల్లేని ఎదురింటి హసింత కిటికీలోంచి ముద్దులు విసిరింది. ఆ మోతకి తట్టుకోలేక నియంత హెలికాప్టర్ ఎక్కి పారిపోయాడు. గిన్నె నిజంగానే సొట్టపోయింది.

మర్నాడే మంత్రి సెనోబియో స్వయంగా విచ్చేశాడు. మొన్నటిదాకా అదే వీధిలో గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు వంటింటి చరిత్ర శాఖ.

"అక్కా, నీ గిన్నె అమరమైపోతోంది! అన్నీ కరిగించి చౌరస్తాలో మహాగిన్నెగా పోత పోస్తున్నాం."

"మరి వంట దేన్లో చెయ్యను నాయనా?"

"చరిత్ర గురించి చెప్తుంటే వంటంటావేంటక్కా? కొత్త గిన్నెలొస్తాయి. ఇంటికొకటి."

"ఎప్పుడు?"

"విప్లవం పూర్తయ్యాక."

"అయిపోయింది కదయ్యా!"

మంత్రి అటూ ఇటూ చూశాడు. "ఎవరన్నారు? ఈ మాట ఇంకెక్కడా అనకు."

"అమ్మా, పరువు తీయకే!" అంటూ ఫెర్మిన్ చిక్కుళ్లు ప్లాస్టిక్ బకెట్‌లో పోసి, గిన్నెకి సెల్యూట్ కొట్టి అప్పగించాడు.

మహాగిన్నె ఆవిష్కరణకు ఊరంతా ఎగబడింది. బ్యాండు మోగింది. ఒటీలియా కూడా హసింత నడుం పట్టుకుని చిందేసింది, మహాగిన్నె దొర్లి జనం మీద పడుతుందేమోనని ఒక కన్ను అటే వేసి.

తిండిగింజలిస్తామన్న మాట ప్రభుత్వం తప్పలేదు. ఇంటికో బస్తా చిక్కుళ్లు వచ్చాయి. గిన్నెలే రాలేదు. ఒటీలియా పూలకుండీలో వండింది. అది పగిలి పొయ్యి ఆరింది. ఫెర్మిన్ నానబెట్టిన పచ్చి గింజలు నమిలి, కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. బిడ్డ దక్కడేమోనని ఆమె హడలిపోయింది. అంతే, కిటికీ రెక్కలు ధడాలున తెరిచింది.

"హసింతా! మళ్లీ మొదలెడదాం, రా!"

"దేన్ని బాదుదామే?"

ఒటీలియా ఇల్లంతా కలియజూసింది. మోగేదేమీ లేదు. రెండు చేతులున్నాయి. అరచేతులు ఎర్రబడేలా చరిచింది. హసింత అందుకుంది. వీధి అందుకుంది. కాసేపటికి ఊరు ఊరంతా హోరెత్తిపోయింది.

పక్కింటి రేడియోలో వ్యాఖ్యాత ఉద్వేగంతో చెప్పుకుపోతున్నాడు: మంత్రివర్యులు బాల్కనీలోకి వచ్చారు, గుండె మీద చెయ్యి వేసుకున్నారు, నలుదిక్కులకూ వంగి వంగి అభివాదం చేస్తున్నారు.

ఒటీలియాకు ఒళ్లు మండి ఇంకా గట్టిగా చరిచింది.

"చాలు తల్లులారా, చాలు!" రేడియోలో సెనోబియో వేడుకున్నాడు. "ఇంత ప్రేమకు నేను తగను."