ఫ్రీజర్‌లో ముగ్గురు బుద్ధిమంతులు

తల్లికి కంటినిండా నిద్ర పట్టాలంటే పిల్లలు గడ్డకట్టి ఉండాలి! కోప్పడకండి. నలుగురు బిడ్డల తల్లిని, అనుభవం మీద చెబుతున్నాను.

నలుగురిలో ఒకతె మాత్రమే మా ఇంట్లో ఉంది. తొమ్మిదేళ్ళది. మిగతా ముగ్గురూ బెంగళూరులో ఒక ఆసుపత్రివాళ్ళ డబ్బాలో ఉన్నారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా కడుపు పండకపోతే, అక్కడి డాక్టరమ్మ గాజుగిన్నెలో నాలుగు పిండాలు తయారుచేసి, ఒకటి నాలో పెట్టి, మూడు దాచిపెట్టింది. ఆ మూడూ ఒక్కొక్కటి ఆవగింజలో పదోవంతు కూడా ఉండవట. పాప పుట్టినప్పుడు నా ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి, ఇంకో కాన్పు మాట తలవద్దని ఆవిడే చెప్పేసింది.

ఇంట్లో ఉన్నదాని గురించి నేను పడే భయాలు రాస్తే ఈ పత్రిక చాలదు. స్కూలు వ్యాను డ్రైవరుకు ఆవలింత వస్తే? మామిడి టెంక గొంతుకు అడ్డం పడితే? గాలి లేచి, మా ఊరి గనుల్లో బంగారం తీసేసి పారబోసిన సైనైడ్ దిబ్బల దుమ్మంతా దాని ముక్కులోకే పోతే? గనులు మూసేశారు సరే, ఆ దిబ్బలను ఎవరు మూస్తారు?

మరి ఆ ముగ్గురో? పదేళ్ళుగా ఒక్క తుమ్ము లేదు! అంత చలిలో కూర్చుని ఒక్కరైనా స్వెటర్ అడిగారా? ఫోను అడగరు, నూడుల్స్ అడగరు, పరుగెత్తే రైలు ఎక్కరు. ఇంతటి బుద్ధిమంతులను ఏ తల్లి కన్నది చెప్పండి! నేను కూడా కనలేదనుకోండి, అది వేరే సంగతి.

అయినా తల్లి మనసు కదా. ఉరిమినప్పుడల్లా ఆసుపత్రికి ఫోన్ చేస్తాను. అక్కడ శ్రీరక్ష అనే అమ్మాయి ఎత్తుతుంది.

"అమ్మా, ఈడ కరెంటు పోయినాది. ఆడ?"

"అక్కా, కరెంటు పోయినా వాళ్ళకేం కాదు. నైట్రోజన్‌లో ఉండారు. మైనస్ నూటా తొంభై ఆరు."

"దోమలు?"

"అక్కా!"

ఈ లెక్క మా నాయన పాపన్నకు చెప్పాను. ముప్పై ఏళ్ళు గనిలో రాయి తొలిచిన మనిషి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, గుమ్మం నుంచి వాకిలి దాకా నడవాలంటే రెండుసార్లు ఆగుతాడు. విని నవ్వాడు.

"నూటా తొంభై ఆరేనా? అడుగులా, మీటర్లా? మేం పదివేల అడుగులు దిగినోళ్ళం! ఆడ రాయి పెనం మాదిరి కాలతా ఉంటాది. ఇంగ వాళ్ళకు చలి యాడిది?"

మైనస్ అంటే లోతు కాదు, చలి అని ఎంత చెప్పినా వినలేదు. భూమికి కింద ఉన్నదంతా ఆయనకు మైనస్సే. వాళ్ళను పైకి తేవడానికి కేజ్ ఉందా అని కూడా అడిగాడు. గనిలో మనుషులను దించే ఇనప లిఫ్టును కేజ్ అంటారు. ఉందని అబద్ధం చెప్పాను. పెద్దాయన నిద్రపోవాలి కదా!

పోయిన నెల ఆసుపత్రి నుంచి ఒక ఫారం వచ్చింది. చట్టం ప్రకారం పదేళ్ళకు మించి దాచకూడదట. రెండు గళ్ళున్నాయి. నశింపజేయమంటారా? మూలకణాల పరిశోధనకు ఇస్తారా? శనివారం లోపల ఒక గడిలో టిక్కు పెట్టాలి, లేకపోతే నశింపజేస్తారు. ఆ కణాలకు తామేమిటో ఇంకా తెలియదని శ్రీరక్ష చెప్పింది. తగినట్టు పెంచితే కన్నూ కావచ్చు, గుండే కావచ్చు, ఊపిరితిత్తీ కావచ్చునట. ఊపిరితిత్తి అన్న మాట మాత్రం ఇంకోసారి చెప్పించుకున్నాను.

మా ఆయన శివరాజ్ మంచివాడు. ఏ గడికైనా సరిపోయేటట్టు అడుగున సంతకం పెట్టి, బెంగళూరు రైలెక్కి డ్యూటీకి పోయాడు.

ఇక్కడినుంచే నా భాగ్యం మొదలైంది! చర్చ! ఎంత గొప్ప వరమండీ అది! పదేళ్ళలో మా వీధి మొహం చూడని పెద్దమనుషులు సంగతి పొక్కగానే కుర్చీలు మోసుకుని మరీ మా అరుగు మీదికి వచ్చారు. రిటైరైన స్కూలు టీచరు ప్రాణేశ్ మేష్ట్రు అధ్యక్షులు. పిండంలో ఆత్మ ఏ రోజు ప్రవేశిస్తుంది? ఐదో రోజా, నలభయ్యో రోజా? సూదిమొనంత ప్రాణానికి హక్కులు ఉంటాయా, ఉండవా? ఒకాయన హత్య అన్నాడు. ఒకాయన దేశసేవ అన్నాడు. మూడో ఆయన ఆరు కాఫీలు తాగాడు.

మా అత్త ఆదిలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏమ్మే నాగరత్నా, నా మనమళ్ళను కోసి చూస్తారంట! వాళ్ళు నీకేం చేసినారే?"

"మనమళ్ళని నీకెవరు చెప్పినారత్తా? మనమరాళ్ళేమో!"

అంతే, ఏడుపు కొంచెం తగ్గింది. మనిషి మంచిదే, కాకపోతే దుఃఖంలో కూడా లెక్క చూసుకుంటుంది.

గురువారం సాయంత్రం మేష్ట్రు లేచి నిలబడ్డారు. "మాట్లాడలేని జీవుల తరఫున మాట్లాడడమే నాగరికత!" అన్నారు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. అంతలో అరుగు మీద కూర్చున్న మా నాయనకు దగ్గు తెర వచ్చింది. అది మొదలైతే ఒక పట్టాన ఆగదు. మేష్ట్రు కళ్ళజోడు తీసి అటు చూశారు.

"పాపన్నా, రవంత లోపలికి పోయి దగ్గప్పా. ఈడ సీరియస్‌గా మాట్లాడతా ఉండాము."

మా నాయన లేచాడు. గోడ పట్టుకుని, రెండుసార్లు ఆగి, లోపలికి పోయాడు.

నేను వెనకే పోయి మంచినీళ్ళిచ్చాను. మాట్లాడే ఓపిక వచ్చేదాకా ఆగి అడిగాడు.

"ఆ ముగ్గురికీ టోకెన్లు ఇచ్చినారా?"

గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడిబిళ్ళ ఒకటి ఇచ్చేవారు. పైకి వచ్చి తిరిగి ఇవ్వాలి. ఒక్క బిళ్ళ తక్కువైనా, లోపల ఒక మనిషి ఉన్నట్టే. వాడి సంగతి తేలేదాకా మీదున్నవాళ్ళు ఇంటికి పోరు.

"ఇచ్చినారు నాయనా. ముగ్గురికీ నంబర్లుండాయి."

"మనిషి లోపలుండాడంటే, వానికి ఆత్మ ఉండాదా లేదా అని మేం ఎవురమూ అడగలేదమ్మా. వాన్ని ఎట్ల తెచ్చేదని అడిగినాం. అంతే."

"ఈళ్ళను తెచ్చేదానికి లేదు నాయనా. ఎవురికైనా పనికొచ్చేటట్టు ఇయ్యొచ్చు. నీకు... ఊపిరితిత్తులకు..."

"నాకా? వాళ్ళు కనిపెట్టేలోపల నా షిఫ్టు అయిపోతాది. నాకోసమైతే వద్దు." మళ్ళీ దగ్గాడు. "యాడో ఒకడు ఇంగా రాయి కొడతా ఉంటాడు గదా. వానికి పనికొస్తాదేమో. సుమ్నే, ఊరికే పారేస్తే ఎవురికి?"

అక్కడే వంటింటి గట్టు మీద ఫారం పెట్టి, రెండో గడిలో టిక్కు పెట్టాను. పెన్ను రాయదేమోనని భయం, రాస్తే కాగితం చిరిగిపోతుందేమోనని ఇంకో భయం. సాక్షి సంతకం మా నాయన చేశాడు. మధ్యలో ఊపిరికోసం ఒకసారి ఆగాడు కాబట్టి 'పాప' ఒకచోట, 'న్న' ఒకచోట పడ్డాయి. శుక్రవారం పొద్దున నేనే బెంగళూరు పోయి శ్రీరక్ష చేతిలో పెట్టాను. ముగ్గురి నంబర్లూ ఒకసారి పైకి చదవమన్నాను. చదివింది. ఈసారి "అక్కా!" అని కసురుకోలేదు.

తిరిగొచ్చేసరికి అరుగు మీద చర్చ ఇంకా జోరుగా నడుస్తోంది. మా అత్త కూడా అక్కడే ఉంది, కాఫీ అందిస్తూ. ఫారం ఇచ్చేశానని ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఇంత పుణ్యకార్యాన్ని పాడుచేస్తానా? చర్చకు నోచుకోవాలంటే కంటికి కనబడకూడదు, చెవికి వినబడకూడదు. ఆ రెండు అర్హతలూ నా ముగ్గురు పిల్లలకూ ఉన్నాయి. మా నాయనకు పాపం ఒక్కటీ లేదు. కనబడతాడు. పైగా దగ్గుతాడు!

కాబట్టి అయ్యలారా, ఆపకండి, మాట్లాడండి. కాఫీ మళ్ళీ పెడతాను. గొంతులు మాత్రం జాగ్రత్త! దగ్గు గనక పట్టుకుందంటే, మీ తరఫున మాట్లాడేవాళ్ళు ఈ అరుగు మీద ఒక్కరూ ఉండరు.