మూడు గంటల గడువు

ఆ పొద్దున దర్జీ అనుకున్న పని ఒక్కటే, మధ్యాహ్నంలోగా కోటుకు చేతులు అతికించడం. సిటీ బస్సు నడిపే భార్య ఆరున్నరకే డ్యూటీకి వెళ్లిపోయింది. ఏడు నెలల పాప నిద్రపోతోంది. ఎనిమిదిన్నరకు కత్తెర కోసం అలమర తెరిస్తే, గర్భం రాకుండా భార్య వేసుకునే మాత్రల అట్ట కనిపించింది. పాత అట్ట నిన్నటితో అయిపోయింది, ఈ రోజు కొత్తది మొదలుపెట్టాలి. ఆ కొత్తదేమో ఇరవై ఎనిమిది మాత్రలతో చెక్కుచెదరకుండా ఉంది!

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. పాలిచ్చే తల్లికి సరిపడే మాత్రని నర్సు ఇచ్చింది. రోజూ ఒకే వేళకు వేసుకోవాలని, ఈ రకం మూడు గంటలు మించి ఆలస్యమైతే నమ్మకం ఉండదని మరీ మరీ చెప్పింది. భార్య వేసుకునే వేళ ఆరు. అంటే గడువు తొమ్మిది! కాన్పు తర్వాత ఆవిడ మళ్లీ స్టీరింగు పట్టి నెల కాలేదు. అప్పుడే ఇంకొకరంటే ఎలా?

"అత్తయ్యా, పాపను చూస్తుండండి! మీ అమ్మాయి మాత్ర మర్చిపోయింది. తొమ్మిది దాటితే కొంప మునుగుతుంది!" అని అరిచి, ఒంటినిండా దారప్పోగులతోనే స్కూటరెక్కి భార్య బస్సు వెళ్లే దారి పట్టాడు.

అత్తగారు చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. డిపోకు ఫోన్ చేసింది.

"బాబూ, పన్నెండో నంబరు బస్సు మా అమ్మాయిది. మాత్ర వేసుకోలేదు, కాస్త ఆపించండి."

"దేనికండీ ఆ మాత్ర?" అన్నాడు గుమాస్తా.

ఆవిడకు సిగ్గు ముంచుకొచ్చింది. "అవన్నీ నీకెందుకు నాయనా? వేళ తప్పితే ప్రమాదం, అంతే!"

గుమాస్తా మూర్ఛ అనుకున్నాడు. ఆఫీసరుకు చెప్పేసరికి అది గుండెజబ్బయింది. పది నిమిషాల్లో బస్సు ఆగింది, అంబులెన్సు వచ్చింది, వెనకే ఆఫీసరూ వచ్చాడు, ప్రయాణికులంతా దిగి రోడ్డు పక్కన గుమిగూడారు. "నాకేం కాలేదు మొర్రో!" అని దర్జీ భార్య అంటున్నా వినకుండా అంబులెన్సువాళ్లిద్దరు చెరో పక్కా ఆవిడ నాడి పట్టుకున్నారు.

అంతలో దర్జీ రొప్పుతూ వచ్చిపడ్డాడు. "ఇంకా అయిదు నిమిషాలే ఉంది!"

"అయ్యో తల్లీ, అయిదు నిమిషాలేనా!" అని ఓ పెద్దావిడ ఘొల్లుమంది.

భార్య అట్టను చూసింది, మొగుణ్ని చూసింది. "ఏమండీ, ఇది వచ్చే నెలది. మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ పడకూడదని ముందే రెండట్టలు తెచ్చా. ఈ నెలది నా బ్యాగులో ఉంది. పొద్దున ఆరింటికే వేసుకున్నా."

గుంపులోంచి ఓ అమ్మాయి మెల్లగా అడిగింది. "మరి నిజంగానే మర్చిపోతే ఏం చెయ్యాలక్కా?"

"గుర్తురాగానే ఒకటి వేసుకోవాలి. తర్వాతది మామూలు వేళకే. రెండ్రోజులు కండోమ్ తప్పనిసరి. ఈలోపే కలిసుంటే నర్సుని అడగాలి. కొన్ని రకాలకి గడువు పన్నెండు గంటలు కూడా ఉంటుంది, నీ అట్టతో వచ్చే కాగితం చదువు. బస్సులాపమని మాత్రం ఎక్కడా రాయలేదు!"

దారిలో స్టాపుల పేర్లు చెప్పినంత అలవోకగా చెప్పేసింది. అదే కాగితాన్ని నాలుగుసార్లు చదివిన దర్జీ నోరు తెరుచుకుని వింటూ నిలబడ్డాడు. ఇంత తెలివైన మనిషి తనను ఎలా చేసుకుందో అతనికి అంతుపట్టలేదు. ఆ అమ్మాయి నర్సు చిరునామా రాసుకుంది. ఆమె భుజం మీదుగా ఆఫీసరు కూడా రాసుకున్నాడు.

అందరూ మళ్లీ బస్సెక్కారు. ఆవిడ బస్సు ఆలస్యం కావడం ఇదే మొదటిసారి. ఆఫీసరు గొంతు సవరించుకుని పుస్తకం తెరిచి, ఆలస్యానికి కారణం అన్న గడిలో 'భర్త' అని రాశాడు.