డెన్‌హోమ్ గారి కుటుంబం

"మనది టీము కాదు, కుటుంబం!" అని కొత్త హెడ్ కోచ్ బ్రాక్ డెన్‌హోమ్ గారు వచ్చిన రోజే ప్రకటించారు. అమెరికాలో, కాన్సాస్‌లోని మా హార్లన్ క్రీక్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీము పోయిన ఏడాది పదకొండు ఆటలు ఆడి తొమ్మిది ఓడిపోయింది. కుటుంబమైతే ఎవరూ స్కోరు అడగరు కదా అని మాకూ ఊరట కలిగింది.

నేను ఆ టీము జెర్సీలు ఉతికి, చిరుగులు కుట్టేవాణ్ణి. ఇరవై రెండేళ్లలో ఆరుగురు కోచ్‌లను చూశాను గానీ ఇంతటి దార్శనికుణ్ణి చూడలేదు.

మర్నాడే నన్ను పిలిచారు.

"రస్, జెర్సీల మీద పేర్లన్నీ పీకెయ్. పేరు ఊరికే రాదు, సంపాదించుకోవాలి."

"అలాగేనండీ. మరి నంబర్లు?"

"అవీ పీకెయ్. కుటుంబంలో నంబర్లేమిటి, అసహ్యంగా!"

దాంతో తొంభై మంది కుర్రాళ్లూ తెల్ల జెర్సీల్లో, హెల్మెట్లలో ఒక్కలాగే తయారయ్యారు. ఎవరికి విసరాలో తెలియక, బంతి అందించాల్సిన క్వార్టర్‌బ్యాక్ దాన్ని నా తువ్వాళ్ల బండిలోకి విసిరాడు. "చూశారా, పక్షపాతం లేదు!" అని కోచ్ గారు మురిసిపోయారు.

వాళ్లలో వేడ్ ఓస్ట్రాండర్ అని ఒకడు. తెల్లారగట్ల ధాన్యం గోదాములో బస్తాలు మోసి, ఆ తర్వాత ప్రాక్టీసుకి వచ్చేవాడు. స్కాలర్‌షిప్ లేదు. ఈ ఏడు కూడా రాకపోతే చదువు మానెయ్యాల్సిందే. కోచ్ గారికి సంగతి తెలిసి గుండె కరిగింది. వెంటనే కెమెరా తెప్పించారు. వాడికి చెప్పకుండా వాళ్లమ్మ లొరెట్టాను పిలిపించి, గోల్‌పోస్టు వెనక దాచారు.

ప్రాక్టీసు అవగానే కోచ్ గారు ఒక హెల్మెట్‌ను గట్టిగా కౌగిలించుకున్నారు. "బాబూ, స్కాలర్‌షిప్ నీదేరా!"

"కోచ్, నేను జమారీని. నాకు మూడేళ్ల నుంచీ స్కాలర్‌షిప్ ఉందండీ."

"ఎంత వినయం! ఆ ముక్క కత్తిరించెయ్," అన్నారు కెమెరావాడితో.

పరుగున వచ్చిన లొరెట్టా ఆగిపోయింది. "ఇతను మావాడు కాడండీ."

"కుటుంబంలో మావాడు, మీవాడు ఏమిటమ్మా! కౌగిలించుకోండి, కెమెరా తిరుగుతోంది!"

పెద్దమనిషి మాట కాదనలేక కౌగిలించుకుందావిడ. వెనక నిలబడి వేడ్ చప్పట్లు కొట్టాడు. ఆ వీడియోను నలభై లక్షల మంది చూశారు. "నీ మెడ పట్టుకుని ఏడుస్తున్నావిడ ఎవర్రా?" అని జమారీని వాళ్లమ్మ జార్జియా నుంచి ఫోన్లో నిలదీసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. వేడ్‌ని రెక్క పట్టుకుని కోచ్ గారి గదికి లాక్కెళ్లాను. ఆయన విన్నారు. కళ్లు మూసుకున్నారు.

"తప్పు నాదే. కుటుంబంలో తప్పు ఒప్పుకోవాలి. రేపు పొద్దున మీ అమ్మను తీసుకురా, బాబూ. వెలుతురు బాగుంటుంది."

మర్నాడు ముందు హెల్మెట్ తీయించి, మొహం సరిచూసుకుని, గడ్డి మీద మోకాళ్లూని భోరుమన్నారు. "నన్ను క్షమించు, వేడ్! స్కాలర్‌షిప్ నీదే!" తొంభై మందీ వేడ్ మీద పడిపోయారు. లొరెట్టా ఈసారి సొంత కొడుకుని వాటేసుకుంది. ఒట్టు, నేనూ ఏడ్చాను.

ఈ వీడియో కోటి మంది చూశారు. తప్పు ఒప్పుకునే దమ్మున్న నాయకుడని ఒక పెద్ద యూనివర్సిటీ వారంలోగా ఆయన్ని తన్నుకుపోయింది. కుటుంబానికి ఫోన్లో రెండు ముక్కల సందేశం పెట్టి వెళ్లారు.

సోమవారం వేడ్‌తో కలిసి ఫీజుల ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా డార్లీన్ కంప్యూటర్లో రెండుసార్లు వెతికింది.

"మీ కోచ్ స్కాలర్‌షిప్ కాగితమేదీ పంపలేదు, నాయనా," అంది. "ఆ వీడియో మాత్రం నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఏడుపు ఆగలేదనుకో. ఎంత మంచి మనిషో!"