గెలాక్సీకి నీలం రంగు

"నిజం ముందు పదవి తలవంచాలి గాని, పదవి ముందు నిజం తలవంచకూడదు!" అని ఖగోళ పరిశోధనశాల డైరెక్టరుగారు ప్రతి సభలోనూ సెలవిచ్చేవారు. సెలవిస్తూనే పాలకమండలి అధ్యక్షులవారి కుర్చీ వైపు ఓ చూపు పారేసేవారు. ఆ నెలాఖరుకి అధ్యక్షులవారు దిగిపోతున్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన ఎవరి పేరు చెబితే వాళ్లకే ఆ కుర్చీ. డైరెక్టరుగారు అధ్యక్షులవారి గదికి కొత్త కర్టెన్లు కూడా ఎంచేసుకున్నారు.

వీడ్కోలు సభకి ఒక గెలాక్సీ ఫొటోని గోడంత చేయించి, దానికి అధ్యక్షులవారి పేరు పెట్టాలని ఆయన సంకల్పం. ఫొటో పట్టుకొచ్చిన పరిశోధకురాలు ఏళ్ల తరబడి ఆ గెలాక్సీ మీదే పనిచేస్తోంది. చూడగానే డైరెక్టరుగారి మొహం మాడిపోయింది. మొత్తం ఎరుపు!

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. టెలిస్కోపు ఇచ్చేవి నలుపుతెలుపు బొమ్మలేనట. ఏ ఫిల్టరులోంచి ఎంత వెలుగు వచ్చిందో కొలిచి, దాన్నిబట్టి రంగు వేస్తారట. కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలుంటే నీలం, అన్నీ ముసలివైతే ఎరుపు. ఇందులో నక్షత్రాలు పుట్టడానికి కావలసిన వాయువు ఎప్పుడో అయిపోయిందట.

"ముసలిదని గోడకెక్కించి మరీ చెప్తామా? నీలం వేయమ్మా."

"అబద్ధమవుతుంది సార్."

"రంగు ఎలాగూ మనం వేసేదేగా!"

ఆవిడ వేయనంది. డైరెక్టరుగారే కంప్యూటరు ముందు కూర్చుని నీలం చేసి, 'నేటికీ నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీ' అని కింద రాయించి, సంతకం గిలికేశారు. ఆయన మొహంలో సిగ్గు మచ్చుకైనా లేదు.

సభలో తెర తొలగింది. అధ్యక్షులవారు చాలాసేపు చూశారు. కళ్లు చెమర్చాయి. పాలకమండలి వైపు తిరిగి, కోట్ల ఏళ్ల వయసులో ఇది ఇంకా నక్షత్రాలను కంటూంటే, ఈ కాస్త వయసుకే తాను మూల కూర్చోవడం విజ్ఞానానికే అవమానమన్నారు. మండలి చప్పట్లు కొట్టింది. మరో అయిదేళ్లు ఆయనే అధ్యక్షులని అక్కడికక్కడే తీర్మానం!

డైరెక్టరుగారికి ముచ్చెమటలు పోశాయి. పరిశోధకురాలి చెవిలో గొణిగారు. "వెళ్లి చెప్పమ్మా, అది ఎర్రదని. అక్కడేమీ పుట్టట్లేదని."

"సంతకం మీది కదా సార్. మీరే చెప్పండి."

ఈలోగా అధ్యక్షులవారే మైకు చాపారు. "డైరెక్టరుగారూ, శాస్త్రజ్ఞులు మీరు. మీ నోటితో చెప్పండి. నిజంగా పుడుతున్నాయంటారా?"

డైరెక్టరుగారు మైకు అందుకుని, గొంతు సవరించుకున్నారు.

"పుడుతున్నాయండీ," అన్నారు. "కవలలు కూడా."