చక్కెర గిన్నెలో బెరిల్

కీచు... కీచు... కీచు. చప్పుడు ముందు వినిపించేది, మనిషి తరువాత కనిపించేది. కిట్టివేక్ హౌస్ వృద్ధాశ్రమంలో టీ బండి చక్రాలలో ఒకటి ఏనాడో అలిగింది. ఎంత నూనె పోసినా దాని అలక తీరలేదు. ఆ కీచుమనే చప్పుడు నడవ మలుపు తిరిగితే చాలు, హాలులోని ముసలివాళ్ళు కళ్ళద్దాలు సవరించుకుని, దుప్పట్లు సవరించుకుని, ఒక్క గొంతుతో అనేవారు: "బెరిల్ వచ్చింది!"

బండి తోసుకువచ్చే పిల్ల పేరు బెరిల్ కాదు. టాంసిన్ ఓల్డ్‌రాయిడ్. ఆ సంగతి ఆ ఇంట్లో తనకొక్కదానికే తెలుసునని ఆమె నమ్మకం.

ఆ శనివారం ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనేజరు మిసెస్ క్రాబ్‌ట్రీ గదికి వెళ్ళాలి. నా పేరు టాంసిన్ అని చెప్పాలి. క్షమించమని అడగాలి. ఇదంతా టీ వేళకు ముందే జరిగిపోవాలి, ఎందుకంటే టీ వేళకు మిస్టర్ హార్డ్‌కాసిల్ వస్తున్నాడు.

టాంసిన్ సిక్స్త్ ఫారంలో, అంటే బడి చదువు ఆఖరి మెట్టు మీద ఉంది. డాక్టరు కావాలన్నది ఆమె కోరిక. కోరిక అనడం కన్నా ఆకలి అనడం సబబు. వైద్యకళాశాలల దరఖాస్తు తలుపులు అక్టోబరు నడుమనే మూసుకుంటాయి. మార్కులు ఒక్కటే చాలవు. ప్రవేశపరీక్ష ఒక్కటే చాలదు. మనుషుల ముసలితనాన్ని, నొప్పిని దగ్గరగా చూసి, చేయి పట్టి నడిపించిన అనుభవం ఉండాలి. ఉందని బడివారు పూచీ పడాలి. ఆ పూచీ రాసే బడి మాస్టారు హార్డ్‌కాసిల్. కిందటేడు ఒక కుర్రవాడు శస్త్రచికిత్సలను పక్కనే నిలబడి చూశానని ఆయన చేత రాయించుకున్నాడు. తీరా విచారిస్తే వాడు చూసినది పెంపుడు చిలుకకు గోళ్ళు కత్తిరించడం. నాటినుంచి ఆయన కళ్ళారా చూడనిదే కలం ముట్టలేదు.

ఇంటర్వ్యూ సాధనలో ఆయన అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "రోగి మంచం దగ్గరికి వెళ్ళావు. ముందు ఏం చేస్తావు?"

"నా పేరు చెబుతాను సార్."

"చెప్పాలి. తన పేరు తాను చెప్పలేని డాక్టరుకి నేనైతే నా చిటికెన వేలు కూడా చూపించను."

ఆ మాట విన్న ప్రతిసారీ టాంసిన్ గుండె ఒక మెట్టు జారేది.

అసలు తప్పు ఒక ఏప్రన్‌ది. చేరిన రోజున మిసెస్ క్రాబ్‌ట్రీ కొక్కేనికున్న ఏప్రన్ తీసి తన చేతులతోనే ఆమెకు కట్టింది. దాని మీద 'బెరిల్' అన్న బ్యాడ్జి గుచ్చి ఉంది. పూర్వం అక్కడ టీ పోసి, వయసుడిగి మానేసిన ఒకావిడది. అది అమ్మమ్మల కాలం నాటి పేరు; ఆ పేరు పెట్టుకున్న వాళ్ళందరికీ మా ప్రాంతంలో ఇప్పటికే మోకాళ్ళ నొప్పులు వచ్చేశాయి. టాంసిన్ నోరు తెరిచింది, టెలిఫోను మోగింది. హాలులో అడుగు పెట్టగానే ఊలు అల్లుకుంటున్న మిసెస్ పికిల్స్ బ్యాడ్జి చదివి, "రా బెరిల్, రా తల్లీ!" అంది. ఎదుటివారి పొరపాటు దిద్దడానికి మా యార్క్‌షైర్ తీరంలో ఒక గడువు ఉంది: మొదటి కప్పు టీ చల్లారేలోగా చెప్పాలి. ఆ తరువాత చెబితే పొరపాటు మనదవుతుంది, ఎదుటివారికి తలవంపులవుతుంది. టాంసిన్ తలెత్తి చూసేసరికి టీ చల్లారిపోయింది.

ఆపైన వసంతకాలంలో క్యాలెండరు చూసి ఎవరో బెరిల్ పుట్టినరోజన్నారు. టాంసిన్ కొవ్వొత్తులు ఊదింది. చలికాలంలో గుండెల మీద 'బెరిల్' అని అల్లిన స్వెట్టరు మిసెస్ పికిల్స్ ఇచ్చింది, టాంసిన్ తొడుక్కుంది. ఇప్పుడావిడ ప్రతి ఆదివారం బెరిల్‌కి మెడికల్ సీటు రావాలని చర్చిలో మోకరిల్లి ప్రార్థిస్తోంది. ఇంగ్లండులో ఏ మూలనో ఉన్న ఏ బెరిల్‌కో ఆ సీటు వెళ్ళిపోతుందేమోనని టాంసిన్‌కు నిద్ర పట్టేది కాదు.

"మీతో ఒక మాట చెప్పాలండీ," అంది ఆమె మేనేజరు గది గుమ్మంలో నిలబడి.

"చెప్పు బంగారం."

"నేను... నిజానికి నేను..."

మిసెస్ క్రాబ్‌ట్రీ కలం కింద పెట్టింది. ఆమె ముఖం వెన్నలా మెత్తబడింది. "నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"తెలుసు తల్లీ. నువ్వేం చెప్పక్కర్లేదు. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అడగరు. నీకెలా ఉండాలనిపిస్తే అలా ఉండు. ఇదిగో, ముక్కు తుడుచుకో."

దరఖాస్తు భయం గురించి అంటోంది కాబోలు అనుకుంది టాంసిన్. "అది కాదండీ..." అనబోయింది. అంతలో వీధి గంట మోగింది.

మిస్టర్ హార్డ్‌కాసిల్ ముందుగానే వచ్చేశాడు.

తరువాత జరిగినదానికి బాధ్యత టాంసిన్ బుద్ధిది కాదు, చేతులది. అవి బండి దగ్గరికి పరుగెత్తి, బ్యాడ్జి ఊడబీకి, చక్కెర గిన్నెలో కుక్కి, పైన చక్కెర కప్పి, ఏమీ ఎరగనట్టు బండి పట్టుకున్నాయి. కీచు... కీచు... ఆ చప్పుడు తనను శిక్షకు తీసుకుపోతున్నట్టుగా ఉంది. ఆయన వీధి గుమ్మం దగ్గర సందర్శకుల పుస్తకంలో వివరాలు రాస్తుండగా ఈమె హాలులో గబగబా కప్పులు పంచింది, కేకు పంచింది. గుమ్మంలో పొడుగాటి కోటు కనబడగానే బండి వెనక వంగి బూటు లేసు కట్టుకోసాగింది.

"నమస్కారం. టాంసిన్ ఓల్డ్‌రాయిడ్‌ని చూడ్డానికి వచ్చాను," అన్నాడు హార్డ్‌కాసిల్.

మిసెస్ పికిల్స్ సూదుల వంక చూసింది. మరొకావిడ పైకప్పు వంక చూసింది. మిస్టర్ స్టేవ్లీ, ఒకప్పుడు ఫైలీ ఒడ్డున పడవ నడిపిన తొంభయ్యేళ్ళవాడు, కేకు ముక్క పట్టుకుని గంభీరంగా అన్నాడు: "అట్లాంటి వాళ్ళెవరూ ఇక్కడ లేరు బాబూ."

"లేరా?"

"లేరు. ఉన్నా మేం చెప్పం."

"ముందు మీ పేరేంటో చెప్పండి," అంది మిసెస్ పికిల్స్ నిలదీస్తున్నట్టు.

"హార్డ్‌కాసిల్."

"అది ఇంటిపేరు. మీ పేరు?"

ఆయన కొద్దిగా దగ్గాడు. "బళ్ళో అందరూ గ్రేయమ్ అంటారు," అన్నాడు. ఆ తరువాత ఆయన చూపు బండి వెనక వంగిన వీపు మీద పడింది. "అదిగో. ఆ అమ్మాయే."

"అది బెరిల్!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

హార్డ్‌కాసిల్ కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. "మిస్ ఓల్డ్‌రాయిడ్," అన్నాడు, "ఏమిటిది?"

టాంసిన్ లేచి నిలబడింది. అప్పుడే లోపలికి వచ్చిన మిసెస్ క్రాబ్‌ట్రీ ఆమె ఏప్రన్ చూసి కెవ్వుమంది. "నీ బ్యాడ్జి ఏది? దాని వెనక పిన్నుంది! ఆగండి! ఎవరూ ఏమీ మింగొద్దు!"

కప్పులు గాలిలో ఆగాయి. దవడలు నమలడం మధ్యలో ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఒక్క గుటక వినబడింది.

"మింగేశా," అన్నాడు మిస్టర్ స్టేవ్లీ. చేయి గొంతు మీద పెట్టుకున్నాడు. "గుచ్చుకుంటోంది."

ఎవరో ఏడవసాగారు. ఎవరో కేకు పళ్ళెంలో వెతకసాగారు. మిసెస్ క్రాబ్‌ట్రీ అంబులెన్సు కోసం టెలిఫోను అందుకుంది. చక్కెర గిన్నె టాంసిన్ చేతికందేంత దూరంలోనే ఉంది; చక్కెరలోంచి ఇనుప మొన ఒకటి మినుకుమంటోంది. నోరు మూసుకుంటే చాలు. అంబులెన్సు వస్తుంది, ఇల్లంతా అల్లకల్లోలమవుతుంది, హార్డ్‌కాసిల్ అడిగిన ప్రశ్న ఆ గోలలో కొట్టుకుపోతుంది. నోరు తెరిస్తే తన దరఖాస్తు తన చేతులతోనే చింపుకున్నట్టు.

ముసలివాడి పెదవులు తెల్లబడ్డాయి.

టాంసిన్ వెళ్ళి కుర్చీ పక్కన మోకరిల్లింది. ఆయన చేతిని రెండు చేతులా పట్టుకుంది. "మిస్టర్ స్టేవ్లీ, నా పేరు టాంసిన్," అంది. "మీరేమీ మింగలేదు. పిన్ను చక్కెర గిన్నెలో ఉంది. నేనే దాచాను. మెల్లగా ఊపిరి తీసుకోండి. నాతో పాటు... ఆఁ, అలాగే."

స్టేవ్లీ ఊపిరి తీసుకున్నాడు. మరొకటి తీసుకున్నాడు. గొంతు తడుముకుని, "మరి గుచ్చుకుందే! అయితే అది కేకే," అన్నాడు.

"ఆ కేకు నేను చేసింది!" అంది మిసెస్ పికిల్స్.

మిసెస్ క్రాబ్‌ట్రీ టెలిఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది. "అమ్మయ్య! చివరికి నీ నోటితోనే చెప్పావు తల్లీ."

"మీకు... ముందే తెలుసా?"

"చేరేముందు చేయించిన పోలీసు తనిఖీ కాగితాల మీద నీ పేరుంది కదా! కాగితం మీద టాంసిన్, గుండెల మీద బెరిల్. నీకదే ఇష్టం కాబోలనుకున్నాం. ఈ కాలం పిల్లలు నచ్చిన పేరు ఎంచుకుంటారు, ఎందుకని అడగడం మర్యాద కాదని మాకు శిక్షణలో చెప్పారు. అందరికీ గట్టిగా చెప్పి పెట్టాను."

"మరి ఆ పుట్టినరోజు?"

"క్యాలెండర్లో పాతది కొట్టేయడం మర్చిపోయాం. చెబుదామనుకునేలోగా నువ్వు కొవ్వొత్తులు ఊదేశావు! ఇంకేం అనుకోమంటావు?"

"ప్రార్థనలో నేను రెండు పేర్లూ చెప్తున్నాలే," అంది మిసెస్ పికిల్స్. "ఎందుకైనా మంచిదని."

"అసలు పేరు నాకు ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో," అన్నాడు స్టేవ్లీ. "మింగేశాను. అది మాత్రం నిజం."

టాంసిన్ నవ్వలేదు. ఆమె హార్డ్‌కాసిల్ వంకే చూస్తోంది. అందరూ అటే చూశారు. ఆయన ఇంకా కోటు విప్పలేదు.

"ఇంతకాలం ఇంకొకరి పేరుతో పనిచేశావన్నమాట."

"అవును సార్."

"ముసలివాళ్ళు తినే చక్కెరలో పిన్ను దాచావు."

"అవును సార్. అన్నిట్లోకీ అదే పెద్ద తప్పు."

"మొదటిరోజే ఒక్క మాట చెబితే సరిపోయేది కదా!"

"సరిపోయేది సార్. రెండోరోజు చెబితే వాళ్ళు నొచ్చుకుంటారనిపించింది. ఆ తర్వాత ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారనిపించింది."

హార్డ్‌కాసిల్ పుస్తకాల అరలో తప్పుగా సర్దిన పుస్తకంలా నిలబడి, చివరికి కోటు విప్పి కుర్చీ వీపున వేసి కూర్చున్నాడు.

"రోగి భయపడ్డాడు. నువ్వు ముందు నీ పేరు చెప్పావు, తర్వాత నిజం చెప్పావు, చేయి వదల్లేదు," అన్నాడు. "పూచీ రాస్తాను. కళ్ళారా చూశాను కాబట్టి రాస్తాను." టాంసిన్ కళ్ళు నిండాయి. ఆయన వాటిని చూడనట్టు కప్పులోకి చూశాడు. "పోతే... నేను బళ్ళో చేరిన రోజున అప్పటి హెడ్‌మిస్ట్రెస్ నన్ను నిండు సభలో గ్రేయమ్ అని అందరికీ పరిచయం చేసింది. అంతమంది ముందు ఆవిడ మాట ఎలా దిద్దను? సాయంత్రం చెబుదామనుకున్నాను. ఆవిడ రిటైరైపోయింది. నా టీ కప్పు మీద కూడా ఆ పేరే రాయించారు. నా పేరు గ్రేయమ్ కాదు."

మిసెస్ పికిల్స్ ఊలు సూదులు ఆగాయి.

"మరి?" అంది మిసెస్ క్రాబ్‌ట్రీ, మర్యాదలన్నీ మరిచిపోయి.

ఆయన లేచి నిలబడ్డాడు, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు, చర్చి గోడల మీద పాతకాలపు సమాధి పలకల్లో తప్ప ఎవరూ చూసి ఎరగని ఆ పేరును గొంతెత్తి పలికాడు.

"మార్మడ్యూక్."

మిస్టర్ స్టేవ్లీ ఒక్క క్షణం ఆలోచించి, చక్కెర గిన్నెలోంచి బ్యాడ్జి తీసి దులిపి ఆయన చేతిలో పెట్టాడు. "ఈ పేరు ఇప్పుడు ఖాళీగానే ఉంది," అన్నాడు. "కావాలంటే ఉంచుకో, మార్మడ్యూక్."