గోడలకు వీడ్కోలు పత్రం

పాత ఇంటిని పడగొట్టేవాడు మామూలు మనిషి. పడగొట్టే ముందు దానికి కృతజ్ఞతలు చెప్పేవాడు మహానుభావుడు! ఈ సత్యాన్ని కనిపెట్టింది నేనే, ఆచరించిందీ నేనే.

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా వీడ్కోలు పత్రం రాసేది నేను. ఇరవై రెండేళ్లలో తొంభై మందిని సాగనంపాను. అంచేత మా పాత ఇంటిని బాగు చేయించేటప్పుడు, తీసేయబోయే ప్రతిదానికీ ఒక పత్రం సమర్పించాలని నిశ్చయించాను. పద్ధతి కూడా ఖరారైంది: ముందు కుడిచెయ్యి దాని మీద వెయ్యాలి, కళ్లు మూసుకోవాలి, పత్రం చదవాలి. ఆ తర్వాతే మేస్త్రీ సుత్తి ఎత్తాలి.

మొదటి గౌరవం వంటింటి తలుపుకు దక్కింది. "తమరు అరవై ఏళ్లపాటు ఎండకూ వానకూ వెరవక సేవలందించి..." అని చదువుతుంటే నా గొంతు నాకే గద్గదమైంది.

"ఇంకా ఎన్ని పేజీలున్నాయండీ?" అన్నాడు మేస్త్రీ, సుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

"రెండే."

"తలుపుకే ఇంతయితే, రేపు గోడకో?"

"గోడకి నాలుగు."

మా పెద్దక్కయ్య తన గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఇదంతా వింటోంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆ గదిలో, ఆ మిషను మీదే ఇరుగుపొరుగు బట్టలు కుట్టి నన్ను చదివించింది.

కొత్త ప్లానులో ఆ గది 'జ్ఞాపకాల గది' అయింది. ఇంటి గతాన్ని ఎక్కడో ఒకచోట గౌరవించాలి కదా! మంచి వెలుతురున్న గది అదొక్కటే మరి.

"ఒరేయ్, నా గది జోలికి మాత్రం రాకురా. నాకింకేం వద్దు" అంది అక్కయ్య.

"పరిశీలిస్తాం అక్కయ్యా" అన్నాను. ఆఫీసులో పదేళ్లు పడుండే ఫైళ్లకు నేను చెప్పే జవాబు అదే.

గది ఖాళీ చేయాల్సిన రోజు వచ్చింది. అక్కయ్యకు ఎలా చెప్పాలో తోచలేదు. అలవాటు కొద్దీ ఆవిడ భుజం మీద కుడిచెయ్యి వేసి కళ్లు మూసుకున్నాను. "అక్కయ్యా, నువ్వు ఇన్నేళ్లుగా ఈ ఇంటికి..."

వెనక నుంచి మేస్త్రీ ఎంతో మర్యాదగా అడిగాడు. "ఈ గదిలో సామాను కూడా బయటికేనా అండీ?"

అక్కయ్య నా చెయ్యి తీసేసింది. "నువ్వు చెయ్యివేసి పొగిడినదేదీ సాయంత్రానికి ఈ ఇంట్లో లేదురా. మిగతాది చదవకు. మీ చిన్నక్క ఇంటికి వెళ్తాలే" అంది.

'ఉండు అక్కయ్యా' అనడానికి పత్రం అక్కర్లేదు. తొంభై పత్రాలు చదివిన నా నోటికి ఆ రెండు మాటలే రాలేదు. సిగ్గుగానే ఉంది, కానీ చెప్పక తప్పదు. వెళ్తూ వెళ్తూ ఆవిడ మిషను తీసుకెళ్లబోతే మాత్రం, అది ఇంటి చరిత్ర అని గట్టిగా ఆపాను.

ఇప్పుడు ఇల్లు చూడముచ్చటగా ఉంది. ఎవరొచ్చినా ముందు జ్ఞాపకాల గదికే తీసుకెళ్తాను. మిషను అద్దాల పెట్టెలో ఉంది. దాని పైన గోడకి అక్కయ్య నిలువెత్తు ఫోటో.

మొన్న మా పై అధికారి ఆ ఫోటో ముందు తలవంచి నిలబడ్డారు. "పోయి ఎన్నాళ్లయింది?" అన్నారు మెల్లగా.

"అబ్బే, నిక్షేపంగా ఉందండీ. మా చిన్నక్కయ్య దగ్గరుంటోంది."

"ఇంత ఇల్లుండగా, ఇక్కడుండరా?"

విశాలమైన ఆ గదిని ఒకసారి నాలుగువైపులా చూశాను.

"స్థలాభావం వల్లనండీ" అని మనవి చేసుకున్నాను.