నిద్రపట్టని పైలట్ ఒక్కరూ లేరు

అరవై అయిదో ఏట అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. ఒత్తు ఎక్కడైనా జారితే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మీకు తొమ్మిది నిమిషాలు కూడా పట్టదు కాబట్టి నష్టం నాదే.

విషయానికి వస్తాను. విమాన భద్రతా కార్యాలయాన్ని ఈమధ్య అందరూ తిడుతున్నారు. పైలట్లు చేతికి నల్ల రిబ్బన్లు కట్టుకుని విమానాలు నడుపుతున్నారు. సంస్కరణలు కావాలని పేపర్లలో రాస్తున్నారు. నేను ఒప్పుకోను. మనిషిని ఆ కార్యాలయంకన్నా బాగా చూసుకునే చోటు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. మా అమ్మాయి పదమూడేళ్లుగా పైలట్. తెలిసే చెబుతున్నాను.

విశ్రాంతి సంగతే తీసుకోండి. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య పైలట్ పది గంటలు విశ్రాంతి తీసుకోవాలని రూలు. ఎంత దయ! ఇంజిన్ ఆగిన నిమిషం నుంచే విశ్రాంతి మొదలు. మెట్లు దిగడం విశ్రాంతి. కంపెనీ వ్యాను కోసం నిలబడటం విశ్రాంతి. ట్రాఫిక్‌లో కూర్చోవడం విశ్రాంతి. హోటల్లో గది తాళం పనిచేయక కౌంటరుకు మూడుసార్లు తిరగడం కూడా విశ్రాంతే. మా అమ్మాయి ఒకసారి లిఫ్టులో ఇరుక్కుపోయి గంటన్నరపాటు విశ్రాంతి తీసుకుంది.

ఫిర్యాదుల సంగతి చూడండి. రన్‌వే చివర పక్షులు ఎక్కువయ్యాయని ఒక పైలట్ రాశాడు. కార్యాలయం ఆ కాగితాన్ని పక్కన పడేసిందా? లేదు. పక్షులు ఎన్ని, ఏ జాతివి, ఎటునుంచి ఎటు పోతున్నాయి, విమానం నడపాల్సిన సమయంలో మీరు పక్షులను ఎందుకు చూస్తున్నారు అని నాలుగు ప్రశ్నలు వేసి తిప్పి పంపింది. ఆ తర్వాత అక్కడి నుంచి పక్షుల ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. పక్షులు ఉన్నాయి. ఫిర్యాదు లేదు. భద్రత అంటే ఇంకేమిటి?

అన్నిటికన్నా గొప్పది ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్ష. దానికి ముందు ఒక ఫారం నింపాలి. నలభై ఒక్క ప్రశ్నలు, ప్రతిదానికీ రెండు గళ్లు. ఒకటి ‘అవును’, ఇంకొకటి ‘లేదు’. తలనొప్పి, గుండెదడ, దిగులు, భయం, నిద్రపట్టకపోవడం, అన్నీ అడుగుతారు. కన్నతల్లి కూడా అన్ని అడగదు.

పైలట్లు ఏం రాస్తారో తెలుసా? నలభై ఒకటికీ ‘లేదు’. కొత్తగా చేరినవాళ్లకు విమానం నేర్పకముందే ఇది నేర్పుతారు. మా అమ్మాయికి సీనియర్ ఒక కెప్టెన్ గారున్నారు. ఇరవై ఎనిమిదేళ్లుగా అన్నిటికీ ‘లేదు’ పెడుతున్నారు కాబట్టి అందరూ ఆయన్ను ‘ఏమీలేదుగారు’ అంటారు. ఆయన కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. భార్య విడిచి వెళ్లిన ఏడాది ఆయన పన్నెండు కిలోలు తగ్గారు. కాగితం మీద మాత్రం అప్పుడే పుట్టిన పాపాయి. ఇంతటి ఆరోగ్యవంతులు ఏ ఉద్యోగంలోనైనా ఉన్నారా?

ఇంత చక్కటి ఏర్పాటును పాడుచేసింది నేనే.

మా ఆయన ఉన్నన్నాళ్లూ చదవడం ఆయన పని, వేలిముద్ర వేయడం నా పని. ఆయన పోయాక నాకు అక్షరాలు నేర్పే భారం అమ్మాయి మీద పడింది. భోజనాల బల్ల మీద ఏ కాగితం దొరికితే అదే నా పాఠం. కరెంటు బిల్లు, సబ్బు రేపరు, మందుల చీటీ. ఒక సాయంత్రం తన వైద్య పరీక్ష ఫారం ఇచ్చింది. పక్కన పోయినేడాది ఫారం నకలు పెట్టింది. పాతదాంట్లో టిక్కు ఎక్కడుంటే కొత్తదాంట్లో అక్కడే పెట్టమని, చెయ్యి తిరుగుతుందని చెప్పి, తను యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ నిలబడింది.

పదహారు దాకా చూసి పెట్టాను. పదిహేడో ప్రశ్నలో ప్రతి మాటా నాకు వచ్చిన మాటే. అందుకని చూసి పెట్టడం మానేసి చదివాను. ‘గడిచిన పన్నెండు నెలల్లో వారం రోజులకు మించి నిద్రపట్టక బాధపడ్డారా?’

పడింది. వాళ్ల నాన్న పోయినప్పుడు పదకొండు రోజులు దానికి కంటి మీద కునుకు లేదు. తనంతట తనే నెల రోజులు సెలవు పెట్టింది. తండ్రి పోయిన సెలవు కాబట్టి ఎవరూ ఇంకేమీ అడగలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లింది, కుదుటపడింది, ఆ తర్వాతే మళ్లీ విమానం ఎక్కింది. మరి జవాబు అవునే కదా? అన్నేళ్లూ ఎవరో రాసినదాని కింద వేలు నొక్కినదాన్ని. నాకై నాకు అర్థమైన మొదటి కాగితం మీద అబద్ధం పెట్టడానికి చెయ్యి రాలేదు. ‘అవును’ గడిలో టిక్కు పెట్టాను.

అమ్మాయి చూడకుండా సంతకం పెట్టి, చెయ్యి బాగా తిరిగిందమ్మా అని మెచ్చుకుంది.

అయిదో రోజున ఉత్తరం వచ్చింది. తదుపరి ఆదేశాల వరకు మీరు విమానం నడపరాదు. ఆ ఉత్తరం నేనే చదివి వినిపించాను. నా చదువుకు అది మొదటి పెద్ద ఫలితం.

మర్నాడు ఏమీలేదుగారు పరామర్శకు వచ్చారు. కుర్చీలో మెల్లగా, రెండు విడతల్లో కూర్చున్నారు.

“పిన్నిగారూ, నిజం రాశారట.”

“అడిగారు కదా నాయనా.”

“అడుగుతారండీ. అడగడం వాళ్ల డ్యూటీ, లేదనడం మా డ్యూటీ. ఇద్దరం ఎవరి డ్యూటీ వాళ్లం చేసుకుంటూ హాయిగా ఉన్నాం.”

మరి నిజంగా నిద్రపట్టనప్పుడు మీరేం చేస్తారని అడిగాను.

“విమానం ఎక్కుతామండీ,” అన్నారాయన. “ఇంకేం చేస్తాం?”

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. అమ్మాయి లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చి ఆయనకిస్తూ, “మా అమ్మనేం అనకండి సార్. ఆ ఫారాన్ని ఇన్నేళ్లలో చదివింది ఆవిడొక్కతే,” అంది.

ఇక కార్యాలయంవారి శ్రద్ధ చూడండి. నిద్ర బాగానే పడుతోందని డాక్టరు కాగితం తెమ్మన్నారు. తెచ్చింది. ఆ డాక్టరు మా జాబితాలో లేడన్నారు. జాబితా ఇమ్మంటే ఇచ్చారు, అందులో ఒకే ఒక్క డాక్టరు. ఆయన ఏడు నెలల తర్వాత తేదీ ఇచ్చాడు. ఏడు నెలలకు ఆయన చూసి, ఈమెకు ఏ జబ్బూ లేదు, తండ్రి పోతే ఎవరైనా ఏడుస్తారు అని రాసిచ్చాడు. ‘ఎవరైనా’ అంటే ఎవరో స్పష్టం చేయవలసిందిగా కార్యాలయం తిరిగి ఉత్తరం రాసింది. ఇంత లోతుగా ఆలోచించేవాళ్లను తిట్టడానికి నోరెలా వస్తుంది?

అలా పదకొండు నెలలు. ఉదయం విమానం మోత వినపడగానే అమ్మాయి గడియారం చూసి, అది ఎక్కడికి పోయేదో, ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెప్పేది. కొన్నాళ్లకు చెప్పడం మానేసింది. ఇంకొన్నాళ్లకు కిటికీలు మూయడం మొదలుపెట్టింది. ఆఖరి రెండు నెలలు పొద్దున్నే దాని గదిలోకి వెళితే పరుపు మీద దుప్పటి మడత మడతలాగే ఉండేది. దాని కళ్లకింద నల్లటి చారలు పడ్డాయి. వాళ్ల నాన్న పోతే పదకొండు రోజులు పోయిన నిద్ర, కార్యాలయంవారి పుణ్యమా అని ఈసారి అరవై రోజులు పోయింది.

అప్పుడు విచారణకు పిలిచారు.

పొడవాటి బల్ల, వెనక ముగ్గురు పెద్దమనుషులు. ఇంట్లో కలిసి ఉండే మనిషిని కూడా తీసుకురమ్మంటే నేనూ వెళ్లాను. మధ్యలో కూర్చున్న అధికారి ఫైలు బరువుకే అలిసిపోయినట్టున్నాడు. కళ్లజోడు తీసి, నా వంక తిరిగాడు.

“చెప్పండి పెద్దమ్మా. అమ్మాయి ఇప్పుడు బాగా నిద్రపోతోందా?”

మళ్లీ అదే ప్రశ్న. ఈసారి నోటితో చెప్పాలి. అమ్మాయి వంక చూశాను. అది నేల వంక చూస్తోంది. దాని పదమూడేళ్ల ఉద్యోగం నా నాలుక మీద ఉంది. నాకూ అప్పటికి చదువు బాగానే ఒంటబట్టింది.

“మొద్దునిద్ర బాబూ,” అన్నాను. “లేపితే లేవదు.”

ఆయన సంతోషించాడు. మంచి నిద్రే మంచి ఆరోగ్యమన్నాడు. ముద్ర వేశాడు. పదకొండు నెలల్లో తేలనిది నాలుగు నిమిషాల్లో తేలింది. చూశారా, బాగున్నప్పుడు దింపేశారు, బాగాలేనప్పుడు ఎక్కించారు. మామూలు బుర్రలకు తట్టే పని కాదిది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మాయి లైసెన్సు ఉన్న కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“నేనిప్పుడు నడపకూడదమ్మా,” అంది. “వెనక నూట ఎనభైమంది ఉంటారు.”

వెనక్కి వెళ్లి ఉన్నమాట చెప్పేద్దామా అన్నాను.

“చెబితే ఇంకో పదకొండు నెలలు. ఆ తర్వాత ఇంక నేను ఉండను, నా ఉద్యోగమూ ఉండదు.”

ఆ మాటకు దాని చెయ్యి పట్టుకున్నాను. ఆటో దిగేదాకా వదల్లేదు.

ఇంటికి రాగానే నేనే కాగితం తీసుకున్నాను. అది చెబుతుంటే కంపెనీకి మూడు వారాల సెలవు చీటీ రాశాను. కారణం, కడుపునొప్పి. ఆ ఫారంలో నలభై ఒక్క ప్రశ్నలున్నాయి కానీ కడుపునొప్పి గురించి ఒక్కటీ లేదు. గంటలో జవాబు వచ్చింది, త్వరగా కోలుకోవాలని కూడా రాశారు. ఆ మూడు వారాలూ అమ్మాయి ఏరోడ్రోమ్‌కు దూరంగా, తెలిసినవాళ్లెవరూ తిరగని వీధిలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లింది. దాచకుండా అంతా చెప్పుకుంది, ఏడ్చింది. పదో రోజున మధ్యాహ్నం కుర్చీలోనే నిద్రపోయింది. నేను ఫ్యాను కూడా వేయలేదు, చప్పుడుకు లేస్తుందేమోనని. వరసగా పది రోజులు కడుపునిండా నిద్రపోయాకే మళ్లీ యూనిఫాం వేసుకుంది.

పైలట్లలో ఇలా హఠాత్తుగా కడుపునొప్పి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారట. కడుపులన్నీ గట్టివే. పాపం, నిద్రపట్టనివాళ్లు.

కాబట్టి సంస్కరణలు కావాలని నేను అడగను. తిట్టేవాళ్లతో గొంతు కలపను. కార్యాలయంవారికి చేతులెత్తి ఒక్కటే మనవి చేసుకుంటున్నాను. వచ్చే ఏడాది ఫారంలో కడుపునొప్పి గురించి ప్రశ్న పెట్టకండి. ప్రస్తుతానికి ప్రయాణికులను కాపాడుతున్నది ఆ నొప్పి ఒక్కటే.

ఇట్లు,
పైలట్ వాళ్లమ్మ,
వయసు అరవై ఏడు,
ఏరోడ్రోమ్ గోడ వెనక రెండో వీధి, మేడ మీద వాటా.